అవ్వ చెయ్యీ, మూడు దినాల నీళ్ళూ

అప్పట్లో నాకు తెలియని వైద్యమంటూ లేదని నా గట్టి నమ్మకం. నర్సింగులో చేరి ఆరు నెలలు కూడా నిండలేదు గానీ, సెలవులకు మా ఊరు పాపారపట్టికి వచ్చినానంటే ఇంట్లో దగ్గినవాళ్ళకూ తుమ్మినవాళ్ళకూ నా పాఠం తప్పేది కాదు. మా అవ్వ మాత్రం (మా నాయన తల్లి, వీధిలో సగం జడలకు కనకాంబరాలు కట్టిచ్చే చెయ్యి ఆమెది) "డాక్టరమ్మా, మొదట ఆ చింతపండు నానబెట్టు" అని నా నోరు మూయించేది.

ఒక పొద్దున కజ్జాయాలు కాలుస్తుంటే నూనె చింది, అవ్వ కుడిచెయ్యి మణికట్టు దాకా ఎర్రగా కమిలిపోయింది. అవ్వ కేక కూడా వెయ్యలేదు, నేరుగా ఇడ్లీ మావు తపేలా కాడికి పోయింది. మా ఇండ్లల్లో ఎక్కడ కాలినా ఆ పులిసిన పిండి పూసేదే మందు. నేను తపేలా లాక్కున్నాను. "మావు వద్దవ్వా! పారే నీళ్ళ కింద ఇరవై నిమిషాలు పెట్టాల!"

"ఎక్కడే పారేది నీ నీళ్ళు?" అనింది అవ్వ. నిజమే, మా వీధి కొళాయి మూడు దినాలకొకసారి వచ్చేది. (పుస్తకం రాసినవాళ్ళకు ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు.) ముందురోజు నింపుకున్న డ్రమ్ము ఒకటే దిక్కు.

ఆ వేళ్ళు బిగుసుకుపోతే అవ్వ ఇంక పూలు కట్టలేదు, కట్టకుండా ఆమెకు పొద్దూ పోదు. చెయ్యి వాయకముందే గాజులు లాగేసి (అప్పుడు తిన్న తిట్లు ఇక్కడ రాయను), డ్రమ్ము నీళ్ళు బకెట్టులోకి తోడి, చేతి మీద చెంబుతో పోస్తా పోయినాను. నాలుగో చెంబుకే అవ్వ కండ్లు నిండినాయి.

"నొప్పా అవ్వా?"

"నొప్పి కాదే పాపిష్టిదానా, మూడు దినాల నీళ్ళు మట్టిపాలు చేస్తావుండావే!" అని లేచి, పెరట్లోకి నడిచి, మిరపచెట్టు మొదట్లో చెయ్యి చాపింది. "ఊ, ఇప్పుడు పొయ్యి." మిరప తడిసినాక కరేపాకు, ఆపైన కనకాంబరాల వరస. "ఇది తడిసింది, తరువాతది" అంటా అవ్వ ముందర, బకెట్టు మోసుకుంటా నేను వెనకాల. ఇరవై నిమిషాలూ అట్లే తిరిగినాము. తరువాత శుభ్రమైన గుడ్డ వదులుగా కప్పి ఆస్పత్రికి పిలుచుకొని పోయినాను.

నెల తిరిగేలోపల అవ్వ మళ్ళీ పూలు కట్టింది. నన్నేమీ మెచ్చుకోలేదు. "నీ పుణ్యాన చెట్లు బాగా పూసినాయి" అనింది, అంతే. కానీ ఆ మొదటి మూర నా జడలోనే పెట్టింది.

ఇప్పుడు ధర్మపురిలో కాలిన గాయాల వార్డుకు నేనే పెద్ద నర్సును. ఇంట్లో ఎప్పుడు తిప్పినా కొళాయి పారుతుంది. అవ్వే లేదు. పోయిన వారం కుక్కర్ ఆవిరి తగిలి నా వేళ్ళు కాలినాయి. కొళాయి కింద పెట్టుకొని నిలబడితే, ఒంటరిగా ఇరవై నిమిషాలు ఎంత పొడుగో తెలిసింది. అవ్వ మీద బెంగ పట్టలేక బకెట్టు నింపుకొని మిద్దె మీది పూలకుండీల కాడికి పోయినాను. చెయ్యి చాపి పోసుకుంటా, "ఇది తడిసింది, తరువాతది" అని గట్టిగా అనేసినాను.

"ఎవరితో సిస్టర్ మాట్లాడతావుండారు?" అనింది పక్కింటామె.

ఇంత వయసొచ్చి అవ్వతో అని చెప్పడానికి సిగ్గేసి, చెట్లతో అన్నాను. ఇరవై నిమిషాలు ఎప్పుడో అయిపోయినాయి. అయినా ఇంకొక చెంబు పోసుకున్నాను.