ఆయన మూర

నాకు సంతకం పెట్టడం వరకే వచ్చు. నేను బీడీలు చుడుతూ చెబుతున్నాను, నా బిడ్డ పక్కన కూర్చుని రాస్తోంది. మధ్యమధ్య "అట్ల కాదమ్మా" అంటోంది. ఎట్లయినా సరే, నేను చెప్పింది రాయి అంటున్నాను. ఇది నిరుటి క్రిస్మస్ సంగతి. దానికీ తెలుసు, కానీ నా కడుపులో ఏముండిందో దానికి తెలియదు.

బాన్సువాడలో మాది ఒకటే వాకిలి, మూడు పొయ్యిలు. ముందరి ఇల్లు బావది, అంటే మా ఆయన అన్నది. వెనకది మరిదిది. నడుమ మాది. బావకు ముగ్గురు పిల్లలు, మాకు ఇద్దరు, మరిదికి ఇద్దరు. మొత్తం ఏడుగురు. క్రిస్మస్‌కు ఆ ఏడుగురికీ ఒకే తానులోంచి బట్ట తేవాలి. అది మా అత్త పెట్టిన పద్ధతి. ఒక పిల్లకు మంచిది, ఒక పిల్లకు మామూలుది అనే మాట రాకూడదని. ఆమె పోయిన తర్వాత ఆ పని మా ఆయన తీసుకున్నాడు.

ఆయన రైసుమిల్లులో హమాలీ. పొడుగు మనిషి, చేతులు ఇంకా పొడుగు. బట్టల దుకాణంలో మీటరు కర్రతో కొలవనిచ్చేవాడు కాదు. మోచేయి నుంచి వేలి కొస దాకా పెట్టి తానే మూరలు వేసేవాడు. దుకాణమాయన నవ్వేవాడట, "నా మీటరు మీద నమ్మకం లేదా అన్నా?" అని. "నీ మీటరు నీ దుకాణంది, నా మూర నా పిల్లలది" అనేవాడట ఈయన. ఇంటికి వచ్చి ఏడుగురినీ వరుసగా చాప మీద కూర్చోబెట్టి ఆ బట్టను వాళ్ల తలల మీదుగా పందిరిలాగా పరిచేవాడు. తలకు నాలుగు మూరలు. చొక్కాకు కొంచెం తక్కువ పడుతుంది, గౌనుకు కొంచెం ఎక్కువ పడుతుంది, కలిపితే సరిపోతుంది అనేవాడు. ఒక్కో తల మీద చెయ్యి పెట్టి "ఇది నీది, ఇది నీది" అనుకుంటూ పోయేవాడు. పిల్లలు బట్ట కింద కిచకిచలాడేవాళ్లు. ఆ తర్వాతే దర్జీ దగ్గరికి.

పండుగనాడు చర్చికి ఏడుగురూ ఒకే రంగులో పోతుంటే జనం ఊరుకునేవాళ్లా? "బ్యాండు మేళం వచ్చిందిరో" అని ఎక్కిరించేవాళ్లు. ఆ ఎక్కిరింత మాకు ముద్దుగా ఉండేది. ఫలానా వాకిలి పిల్లలు అని అందరికీ దూరం నుంచే తెలిసేది.

నిరుడు నాట్లప్పుడు జ్వరమని దవాఖానకు పోయాడు. మళ్లీ ఇంటికి నడిచి రాలేదు.

పండుగ నెల రోజులు ఉందనగా బావ వాకిట్లో కూర్చుని, నా వైపు చూడకుండా, "ఈ యాడాది ఎవల పిల్లలకు వాళ్లే తెచ్చుకుందాం. రెడీమేడ్ మస్తుగ దొరుకుతున్నయి. గీ కొలుసుడు, కుట్టిచ్చుడు ఎవరు పడుతరు?" అన్నాడు. మా అక్క, అంటే బావ భార్య, బియ్యం చెరుగుతూనే ఉంది. మరిది ఆటో కడుగుతూ తల ఊపాడు.

అంతకు ముందే ఒక మాట నా చెవిన పడి ఉంది. పండుగ వెళ్లాక నేను పిల్లలను తీసుకుని మద్నూర్‌లో తల్లిగారింటికి పోతానని, నడిమి ఇల్లు ఖాళీ అవుతుందని. ఎవరు అన్నారో తెలియదు. నేనైతే అనలేదు. మా తల్లిగారింట్లో మా తమ్ముడికే చోటు లేదు. నాకు ఆ రోజు రెండు మాటలూ కలిసిపోయాయి. ముందు బట్ట వేరు చేస్తారు, తర్వాత మమ్మల్ని వేరు చేస్తారు అనుకున్నాను. నా పిల్లలు ఆ ఏడుగురిలో ఉంటేనే ఆ వాకిట్లో ఉంటారు. లేకపోతే వాళ్లు ఎవరి పిల్లలు?

అందుకని ఎవరికీ చెప్పకుండా నా పట్టగొలుసులు అమ్మి నేనే దుకాణానికి పోయాను. ఏడుగురికీ నేనే తెస్తే ఇక ఎవరు వేరు చేస్తారు? ముందే దర్జీని అడిగితే సరిపోయేది. అడిగితే ఆయన బావకు చెబుతాడు, బావ వద్దంటాడు. అది నా భయం.

నీలం గళ్ల బట్ట తీశాను, చొక్కాకూ గౌనుకూ రెండింటికీ నప్పేది.

"ఎన్ని మీటర్లమ్మా?"

"మీటర్లు నాకు తెల్వదు. ఇప్పుతా ఉండు, నేను ఆపుమన్న కాడ ఆపు."

బల్ల మీద మోచేయి ఆనించి కొలవడం మొదలుపెట్టాను. పైకే లెక్కపెట్టాను, తప్పిపోకూడదని. పక్కన చీరలు చూస్తున్న ఆడవాళ్లు నవ్వారు. నవ్వనీ అనుకున్నాను. ఇరవై ఎనిమిది దగ్గర ఆపుమన్నాను.

"ఇంకో రెండు మీటర్లు పెట్టుకో అమ్మా. పిల్లల బట్ట గదా."

"నీ గిరాకీ కోసం నేను కొనాల్నా? మా ఆయన ఎన్నేండ్ల సంది తలకు నాలుగు మూరలే తెచ్చిండు. కత్తిరియ్యి."

కత్తిరించాడు. ఆ కత్తెర చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

దర్జీ మాస్టర్ మా ఏడుగురి కొలతలూ ఎప్పుడూ రాసి పెట్టుకుంటాడు. అయినా ఆ సాయంత్రం పిల్లలను ఒక్కొక్కరినీ ఏదో పని మీద ఆయన ముందు నుంచి నడిపించాను, ఎంత పెరిగారో చూసుకొమ్మని. బట్ట బల్ల మీద పరిచాడు. టేపు పెట్టాడు. మళ్లీ పెట్టాడు.

"చెల్లే, ఇది ఆరుగురికే వస్తది."

"కాదు మాస్టర్. ఇరవై ఎనిమిది మూరలు. నేనే కొలిసిన."

"ఎవల మూర?"

నాకు మొదట అర్థం కాలేదు. ఆయన నా చేతి వైపు చూస్తున్నాడు. నేనూ చూసుకున్నాను. ఆకు కత్తిరించి కత్తిరించి వేళ్ల కొసలు నల్లబడిన చెయ్యి, పొట్టి చెయ్యి. మా ఆయన చెయ్యి పక్కన పెడితే నా వేళ్లు ఆయన వేళ్ల మొదట్లోనే ఆగిపోయేవి. అది నాకు తెలియదా? పదమూడేళ్లు పట్టుకున్న చెయ్యి. లెక్క గుర్తు పెట్టుకున్నాను గానీ చెయ్యిని మరిచిపోయాను. అక్కడే మిషను పక్కన కూలబడ్డాను.

"ఒక పిల్లకు వేరే బట్ట తీసుకుందాం చెల్లే, ఏం కాదు" అన్నాడు మాస్టర్, నీళ్లు ఇస్తూ.

వేరే అనే మాట రాకూడదనే కదా ఇంత చేసింది.

మరునాడు దుకాణానికి ఉరికాను. ఆ తాను అయిపోయింది. ముక్క చేతిలో పట్టుకుని బస్సెక్కి పిట్లం పోయాను. నీలం ఉంది గానీ ఈ నీలం కాదు. గళ్లు ఉన్నాయి గానీ ఈ గళ్లు కాదు. "దగ్గర దగ్గర ఉన్నది గదమ్మా" అంటారు. దగ్గర దగ్గర ఉంటే సరిపోతుందా? తిరిగి వచ్చే బస్సులో ఆ ముక్కను నోట్లో కుక్కుకుని ఏడ్చాను, పక్కవాళ్లకు వినబడకుండా.

ఎవరిని ఆపాలి? బావ పిల్లల్లో ఒకరిని ఆపితే కావాలని చేసిందంటారు. మరిది పిల్లలు చిన్నవాళ్లు. నా కొడుకు ఐదేళ్లవాడు, తండ్రి లేని మొదటి పండుగ. నా బిడ్డకు పదేళ్లు. దానికి నిరుటి ముందటి ఏడాది ఎర్ర గౌను ఉంది, ఆయన కొలిచిన ఆఖరి బట్ట. మోకాళ్ల పైకి వచ్చింది. అంచు విప్పితే కొంచెం దిగుతుంది.

దానికి చెప్పాను. పెద్దదానివి, అర్థం చేసుకో అన్నాను. అది అర్థం చేసుకోలేదు.

"అందరికి తెచ్చి నాకొక్కదానికి లేదా? మరి నేను ఎవల బిడ్డను?"

చెంప మీద కొట్టాను.

ఇక్కడ ఈ పిల్ల కలం ఆపింది. రాయి అన్నాను. కొట్టాను, ఎందుకంటే నేను నన్ను అడుక్కుంటున్న మాటే అది అడిగింది. రాశావా? సరే.

పండుగ ముందు రోజు పొద్దున ఆరు జతలూ మాస్టర్ దగ్గరి నుంచి తెచ్చాను. మరిది భార్య తన పిల్లల రెండు జతలూ సంతోషంగానే తీసుకుంది. అక్క ఇంటి గడప దగ్గర మూడు జతలు పట్టుకుని నిలబడ్డాను. ఆమె లోపల గారెల పిండి రుబ్బుతోంది.

"ఎవరు తెమ్మన్నరు నిన్ను?" అంది. కోపంగా కాదు, నిజంగానే ఆశ్చర్యంగా. "మేము తెచ్చినం గదా. పెద్దోనికి జీన్సు, టీషర్టు."

వాళ్ల పెద్ద కొడుకు, పద్నాలుగేళ్లవాడు, చొక్కాను రెండు వేళ్లతో ఎత్తి చూశాడు. "చిన్నమ్మా, గీ గళ్లది నేను ఏసుకోను. చిన్నపోరగాండ్లతోని ఒక్క తీరు ఏసుకుంటే దోస్తులు నవ్వుతరు."

"అట్లయితే దాన్ని విప్పి నీ బిడ్డకే ఏదన్న కుట్టియ్యరాదు?" అంది అక్క.

మంచి మాటే. ఎవరైనా తీసుకుని వచ్చేస్తారు. నాకు మాత్రం ఆ చొక్కా వెనక్కి వస్తే ముందరి ఇల్లు మమ్మల్ని తెంపుకున్నట్టే అనిపించింది. "కాదు, వాడు ఏసుకోవాలె! అందరు ఏసుకోవాలె!" అని అరిచాను. వాకిట్లో మరిది పిల్లలు ఆట ఆపి చూస్తున్నారు. నా గొంతు నాకే వేరే ఎవరిదో అనిపించింది. చొక్కా వాడి ఛాతీకి అదిమి పట్టుకుని, "ఒక్క రోజు బిడ్డా, ఒక్క పొద్దు, నీ కాళ్లు మొక్కుత" అన్నాను. పద్నాలుగేళ్ల పిల్లవాడితో.

అప్పుడే బావ వచ్చాడు. సుతారి పని ఆయనది, గోడలు కడతాడు, మోచేతుల దాకా సిమెంటు. ఏమైందని అడగలేదు. నా చేతిలో మూడు, మరిది గడపలో రెండు, మా గడపలో ఒకటి, బట్టలు లెక్క చూశాడు, నన్ను చూశాడు. నా ఇంటి గోడకు ఆనుకుని నిలబడ్డ నా బిడ్డను చూశాడు.

"ఆరే ఉన్నయేంది? ఏడోది ఏది?"

చెప్పాను. మూర సంగతి, మాస్టర్ సంగతి, పిట్లం సంగతి.  ఆయన ఆ సిమెంటు చెయ్యి ముందుకు చాపాడు. అన్నదమ్ములు కదా. అదే పొడుగు.

"గీ చెయ్యి లేకుండెనా? అడుగకపోతివి."

"నువ్వే గదా బావా, ఎవల పిల్లలకు వాళ్లే అన్నది!"

"నీ చేతిల ఏం లేదని అన్న. నీ వంతు తెమ్మని నిన్నెట్ల అడుగుతనని."

నిజమే చెప్పాడో, అప్పటికప్పుడు దొరికిన మాటే చెప్పాడో నాకు ఇప్పటికీ తెలియదు. మరి నేను తల్లిగారింటికి పోతానన్నది ఎవరి మాట అని అడుగుదామని నోటి దాకా వచ్చింది. అడిగితే ఏ జవాబు వస్తుందోనని మింగేశాను. ఆయన కొడుకును తీసుకుని లోపలికి పోయాడు. కొంచెం సేపటికి ఆ పిల్లవాడు మూతి ముడుచుకుని గళ్ల చొక్కాతో బయటికి వచ్చాడు. నాకు సంతోషం కలగలేదు. సిగ్గు వేసింది.

పండుగనాడు చర్చిలో పిల్లలు పాట పాడడానికి ముందు వరుసలో నిలబడ్డారు. ఆరు నీలం. చివరన ఒక ఎర్ర గౌను, కిందికి లాక్కుంటూ. అంచు విప్పిన చోట రంగు వెలవని గీత కనబడుతోంది. నేను తల వంచుకున్నాను, ప్రార్థన కోసం కాదు.

డోంగ్లి నుంచి చుట్టాలింటికి పండుగకు వచ్చిన ఒకామె వెనక కూర్చుంది. అక్క భుజం తట్టి, "గా నీలం బట్టలోళ్లంత మీ పిల్లలేనా? మస్తున్నరు. మరి పక్కన గా ఎర్రగౌను పిల్ల ఎవలది?" అని అడిగింది.

 నేను తెచ్చి పెట్టుకున్న ప్రశ్నే అది. నేను ఆ నీలం బట్ట తేకపోతే ఎవరూ అడిగేవాళ్లే కాదు.

మా అక్క ఎప్పుడూ తీపిగా మాట్లాడే మనిషి కాదు. వెనక్కి కూడా తిరగలేదు. "మాదే. మా నడిపోని బిడ్డ. మొహం చూస్తె తెలుస్తలేదా?" అంది. అని, నా వైపు వంగి, చిన్నగా, "ఇంత గనం బట్ట తెచ్చి బిడ్డను బోసిగ నిలవెడ్తివి. తెలివి ఉన్నదా నీకు?" అని తిట్టింది. ఆ తిట్టుకు నేను చర్చిలో నోరు మూసుకుని వెక్కివెక్కి ఏడ్చాను.

మధ్యాహ్నం అన్నాలు అయ్యాక ఈ పిల్ల నా బీడీ చాటలోంచి దారం ఉండ తీసుకుంది. నాతో ఇంకా మాట్లాడడం లేదు. వాకిట్లో బావ మంచం మీద కూర్చుని ఉంటే పోయి ముందర నిలబడింది.

"పెద్దబాపూ, చెయ్యి సాపు."

"ఏందే? నాకు గూడ గౌను కుట్టిస్తవా?"

"సాపు."

చాపాడు. మోచేయి దగ్గర దారం పట్టి, వేలి కొస దాకా లాగి, పంటితో తెంపింది. రెండు కొసలకూ ముడి వేసింది. తెచ్చి నా చాటలో పడేసింది. "ఇగ తక్కువ పడది" అంది. ఆ చెంపదెబ్బ తర్వాత నాతో అన్న మొదటి మాట.

ఏడాది అయింది. నడిమి ఇంట్లోనే ఉన్నాం. పొమ్మని ఎవరూ అనలేదు, ఉండమనీ ఎవరూ అనలేదు. ఆ దారం చాటలోనే ఉంది, తెలియక ఏ బీడీకో చుట్టేస్తానని ఒక మూలకు కట్టి పెట్టాను. పండుగ మళ్లీ దగ్గర పడింది. బట్ట మాట వాకిట్లో ఇంకా ఎవరూ ఎత్తలేదు. పొద్దున లేస్తూనే బావ దగ్గుతాడు, ఏమైనా అంటాడేమోనని చెవులు అటే ఉంటాయి. ఏమీ అనడు, పనికి పోతాడు.

ఈ ఆదివారం చర్చి నుంచి రాగానే నేనే అడుగుతాను. దారం ఉంది కాబట్టి దుకాణానికి ఒక్కదాన్నే పోవచ్చు. పోను. బావను రమ్మంటాను. ఆ చెయ్యి వచ్చి బల్ల మీద ఆనాలి. రానంటే నాకు తెలియాల్సింది తెలిసిపోతుంది.

ఈ పిల్ల "వస్తడమ్మా" అని రాసుకుంటోంది. నేను చెప్పని మాట అది. ఉండనీ.