రబ్బరు పిల్ల

లెక్కల టీచరమ్మకి ఒళ్లు మండే మాట ఒకటుంది. మగపిల్లాడికి మంచి మార్కులొస్తే హెడ్మాస్టరు గారు "బుర్రున్నవాడు" అంటారు. అవే మార్కులు ఆడపిల్లకొస్తే "పాపం, బాగా కష్టపడుతుంది" అంటారు.

ఇంట్లో మాత్రం ఏం తక్కువ? వంటింటికి టైల్స్ ఎన్ని కావాలో చూడమని అత్తగారు కొడుకునే పిలిచింది. లెక్కల టీచరు కోడలు పక్కనే ఉల్లిపాయలు తరుగుతోంది. రెండు వరుసలు తక్కువొచ్చాయి. ఆ మూల ఇప్పటికీ వేరే రంగే.

ఈసారి లెక్కల పోటీకి ముగ్గుర్ని పంపాలి. ఎంపిక ఎప్పుడూ హెడ్మాస్టరు గారి గదిలోనే. ఆయన అడుగుతారు, ముందు అరిచినవాడికి చోటు. అందుకే ఏటా ముగ్గురూ మగపిల్లలే. కాగితం మీద పరీక్ష పెడదామని అడిగీ అడిగీ టీచరమ్మ నోరు నొప్పెట్టింది. ఇప్పటికే ఇద్దరు కుర్రాళ్లు కుదిరిపోయారు. ఇక మిగిలింది ఒక్క చోటు. ఆమె ఆశంతా వెనక నిలబడ్డ రబ్బరు పిల్ల మీదే. లెక్క సరిగ్గానే చేస్తుంది. ఎవరైనా గట్టిగా ఇంకోటి అంటే చాలు, తనది చెరిపేసుకుంటుంది. ఆ పేరు క్లాసు పెట్టింది.

"ముప్పై ఏడో పేజీ మొదలు తొంభై ఒకటో పేజీ చివరిదాకా చదివితే ఎన్ని పేజీలు?" అన్నారు హెడ్మాస్టరు గారు.

యాభై నాలుగని డాక్టరు గారబ్బాయి గోడలదిరేలా చెప్పాడు.

రబ్బరు పిల్ల కాగితం మీద యాభై అయిదుంది. టీచరమ్మ చూస్తుండగానే దాన్ని చెరపబోయింది.

"ఎందుకే చెరుపుతున్నావ్?" టీచరమ్మ గొంతు తగ్గించి అడిగింది.

"అతను అంత ధైర్యంగా చెప్పాడు కదా టీచర్."

"ధైర్యానికి మార్కులేస్తారటే?"

తొంభై ఒకటిలోంచి ముప్పై ఏడు తీస్తే యాభై నాలుగేగా అంటూ హెడ్మాస్టరు గారు కలం తీశారు. టీచరమ్మ నోటిదాకా వచ్చిన మాటని పంటి బిగువున ఆపుకుంది. తను చెప్తే టీచరు గెలిచినట్టవుతుంది, పిల్ల మళ్లీ వెనక్కే. ఆ పిల్ల చేతిలోని రబ్బరు ముక్క లాక్కుని గుప్పిట్లో పెట్టుకుంది.

చెరపడానికేమీ లేక ఆ పిల్ల నేల చూసింది, గోడ చూసింది. "ముప్పై ఏడో పేజీ కూడా చదవాలి కదా సార్. యాభై అయిదు."

హెడ్మాస్టరు గారు బల్ల కింద వేళ్లు మడిచి చూసుకున్నారు. కాసేపటికి అవునన్నారు. మూడో పేరు రాసుకుని, మెచ్చుకోలుగా తలెత్తారు.

"పాపం, బాగా కష్టపడే పిల్లండీ."

"కష్టపడింది నేను సార్," అంది టీచరమ్మ. "దానికి బుర్రుంది."