అమ్మ జేబులో నేను పెట్టిన పతకం

మా చిన్నప్పుడు... అంటే మరీ పాత సంగతేం కాదు, కరోనా రోజులు... మేం రాజమండ్రి నుంచి ఐర్లండ్‌లోని ట్రాలీ అనే ఊరికి వచ్చి ఏడాది కూడా కాలేదు. అమ్మ ఒక వృద్ధుల హోమ్‌లో కేరర్... ముసలివాళ్లకి తినిపించి, కనిపెట్టుకుని ఉండే పని. అక్కడ అప్పటికే కొందరు పోయారు. యూనిఫాం వేసుకుని అమ్మ కారెక్కుతుంటే తనకీ అంటుకుంటుందేమోనని నాకు భయం.

పక్కింటి టామ్ అంకుల్‌కి పాత పతకాలు పోగేసే పిచ్చి. అన్నీ జర్మనీవే, అన్నీ తల్లులకిచ్చినవే. నలుగురు పిల్లల్ని కంటే కంచు, ఆరుగురికి వెండి, ఎనిమిదిమందికి బంగారు రంగు... గోడకవతల నిలబడి ఒక్కొక్కటే ఎత్తి చూపించేవాడు. నీలం రంగు శిలువ, మధ్యలో స్వస్తిక్. కాస్త పక్కకి వాలింది, అంతే... మనం కొత్త కారుకి పసుపుతో వేసేదే కదా అనుకున్నాను. నాజీల గురించి, రెండో ప్రపంచ యుద్ధం గురించి నాకప్పటికి ఎవరూ చెప్పలేదు.

అమ్మలకిచ్చే పతకం, పైగా స్వస్తిక్... ఇంతకన్నా రక్ష ఏముంటుంది? ఒకటి ఇమ్మని అడిగాను. ఇచ్చాడు గానీ, ఇల్లు దాటించొద్దన్నాడు. ఖరీదైంది కాబోలనుకుని బుద్ధిగా తలూపాను. మర్నాడే అమ్మ యూనిఫాం జేబులో అడుక్కి తోసేశాను.

ఆ హోమ్‌లో రూత్ అని ఒక పెద్దావిడ. చిన్నపిల్లగా జర్మనీ నుంచి తప్పించుకొచ్చిన యూదురాలు. అక్కడే ఉండిపోయిన వాళ్లమ్మని చంపేశారు. నా అన్నవాళ్లెవరూ లేరు. జబ్బు పడ్డాక, మా అమ్మ తినిపిస్తేనే నాలుగు చెంచాలు తినేది. ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి.

ఆ రోజు అమ్మ పెన్ను కోసం జేబులో చెయ్యి పెడితే, అది జారి ఆవిడ పక్కమీద పడింది.

సాయంత్రం అమ్మ ఇంటికొచ్చి పతకాన్ని బల్లమీద పెట్టింది. నేనే పెట్టానని ఒప్పుకున్నాను. కొట్టలేదు... కొడితే బావుండేది.

"ఆవిడ నా చెయ్యి తోసేసిందే. ఇంక నా చేత్తో తినదు," అంది.

మర్నాడు అమ్మ ఎంత బతిమాలుకున్నా రూత్ గారు గోడవైపే తిరిగి పడుకున్నారట. వేరేవాళ్లు పెట్టినా నోరు తెరవలేదట. నాలుగో రోజున పోయారు. గదిలో ఎవరూ లేరు.

ఇప్పుడు నేను కాలేజీలో ఉన్నాను. ఆ హోమ్‌కి ఇప్పుడు ఎవరైనా ఎప్పుడైనా వెళ్లొచ్చు, మంచం పక్కన కూర్చోవచ్చు. కరోనా వల్ల ఆ రోజుల్లో బయటివాళ్లెవర్నీ లోపలికి రానిచ్చేవారు కాదు, ఆవిడకి ఉన్నదల్లా మా అమ్మ చెయ్యి. దాన్నీ నేనే దూరం చేశాను.

మీరూ చిన్నప్పుడు మంచే అనుకుని ఇలాంటిదేమైనా చేసి ఉంటే కింద రాయండి... నేనొక్కదాన్నే కాదని తెలిస్తే చాలు.