రోజూ ఒక గిన్నెడు ఆకుకూర

మగ్గాల పనికి వలస వచ్చిన గుజరాతీ ఊరు వడోద్‌లో మాది రెండో అంతస్తు. ఆ రోజు కూరగాయల సంచితో మెట్లెక్కుతూ సగంలోనే ఊపిరాడక కూలబడ్డాను. నాకప్పుడు నలభై రెండేళ్లు. ఎండ దెబ్బ అనుకున్నాను. వారం తిరగకుండానే పడుకున్నా ఆయాసమే.

ఆసుపత్రిలో గుండెకు ఎకో స్కాన్ తీశారు. చిన్నప్పుడు వచ్చిన కీళ్ల జ్వరం గుండెలో మైట్రల్ వాల్వ్‌ను పాడు చేసిందన్నారు. ఆపరేషన్ చేసి మెటల్ వాల్వ్ పెట్టారు. "రక్తం గడ్డకట్టకుండా జీవితాంతం వార్ఫరిన్ వేసుకోవాలి. రక్తం ఎంత ఆలస్యంగా గడ్డకడుతుందో చూపే ఐఎన్‌ఆర్ టెస్టులో రెండున్నర, మూడున్నర మధ్య ఉండాలి" అన్నారు డాక్టరమ్మ హిందీలో.

ఇంటికి రాగానే మా అత్తమ్మ గరిటె పట్టింది. "నెత్తురంత పోయింది బిడ్డా. పుంటికూర, తోటకూర మస్తుగ తినాలె" అంటూ ఒక పూట గోంగూర, ఒక పూట తోటకూర వండింది. ప్రేమగా వడ్డిస్తే కాదనలేకపోయాను. నెలకు ఐఎన్‌ఆర్ 1.4కు పడిపోయింది. "ఆకుకూరల్లోని విటమిన్ కె ఈ మందు పనిని తగ్గిస్తుంది. వాల్వ్ మీద గడ్డ కడితే ప్రాణానికే ముప్పు" అని డాక్టరమ్మ డోసు పెంచారు.

భయపడి ఆకు అన్నదే మానేశాను. ఈసారి ఐఎన్‌ఆర్ ఐదు దాటింది. పళ్లు తోముకుంటే చిగుళ్ల నుంచి రక్తం ఆగలేదు. ఆసుపత్రిలో అత్తమ్మ, "నేనే పాడు జేస్తినా?" అని ఏడ్చింది.

డాక్టరమ్మ ఆమె చెయ్యి పట్టుకున్నారు. "భాజీ బంద్ మత్ కరో, మా జీ. రోజ్ ఏక్ కటోరీ. న జ్యాదా, న కమ్." ఆకుకూర ఆపొద్దు, రోజూ ఒకే గిన్నెడు, దానికి తగ్గట్టు మాత్ర తాను సరిచేస్తానని.

అత్తమ్మ ఒక స్టీలు గిన్నె నాకోసం విడిగా పెట్టింది. ఒకరోజు పాలకూర పప్పు, ఒకరోజు తోటకూర వేపుడు, మరునాడు జొన్నరొట్టెతో పుంటికూర. ఏదైనా ఆ గిన్నెడే. చుట్టాల విందులో మా ఆడబిడ్డ నా విస్తట్లో ఇంకో గరిటె వెయ్యబోతే అత్తమ్మ లేచి నిలబడింది.

"ఆగు! గా గిన్నె దాటితే నాతోని లొల్లే!"

పంక్తి అంతా నవ్వింది. నేనూ నవ్వాను, కళ్లలో నీళ్లతో.

మరుసటి టెస్టులో 2.9. ఆ తర్వాతివీ గీత దాటలేదు. ఇది నాలుగో ఏడు. మగ్గాల దగ్గర మళ్లీ దారం కండెలు చుడుతున్నాను. మొన్న నవరాత్రుల్లో, డాక్టరమ్మ సరేనన్నాక, మా వీధి గర్బాలో రెండు చుట్లు ఆడాను. అత్తమ్మ చప్పట్లు అందరికంటే గట్టిగా వినిపించాయి.

ఈ మాత్ర వేసుకునేవాళ్లకు ఒక్క మాట: ఆకుకూర మీ అంతట మీరు మానకండి, పెంచకండి. రోజూ ఎంత తింటున్నారో డాక్టరుకు చెప్పి, అంతే తినండి.