గుండ్రం లేని వలయం

రాజాం డిగ్రీ కాలేజీలో నరసింగరావు మేష్టారు ఇరవై ఆరేళ్ళుగా లెక్కల్లో వలయాలనే పాఠం చెబుతున్నారు. ఇరవై ఆరేళ్ళూ పిల్లలది ఒకటే ప్రశ్న: ఇందులో గుండ్రమేదండీ? వేలికుంటే ఉంగరం, కాలివేలికుంటే మట్టె, చేతికుంటే కడియం, కుండ కిందుంటే చుట్టకుదురు. గుండ్రంగా ఉన్న ప్రతిదానికీ ఓ పేరు పెట్టుకుని, గుండ్రమన్నదే లేని లెక్కని పట్టుకుని వలయమన్నారు. ఆ పేరు పెట్టినవాడు దొరికితే మేష్టారు దులిపేసేవారే.

ఓ గుంపు లోపలున్న ఏ రెండింటిని కలిపినా, తీసేసినా, గుణించినా వచ్చేది లోపలే ఉండాలి, బైటికి పోకూడదు, అదీ వలయమని గొంతు చించుకునేవారు. కోపమొచ్చినప్పుడల్లా ఆయన బొటనవేలు వేలి ఉంగరాన్ని తిప్పేది. పెళ్ళిలో భార్య నారాయణమ్మ బిందెలోంచి తీసి తొడిగిన ఉంగరమది. ఆవిడ పోయి నాలుగేళ్ళయినా వేలు దాటలేదు.

మొన్న పాతపట్నంలో చెల్లెలు కుమారి కూతురు శ్రావణి పెళ్ళి. బిందెలో వెయ్యాల్సిన ఉంగరం ఇంట్లో మరిచిపోయి మండపానికి వచ్చేశారు. పెళ్ళివారందరివీ రాళ్ళుంగరాలే. పసుపునీళ్ళలో రాయి ఊడితే అపశకునమట. సాదా ఉంగరం మేష్టారిదొక్కటే. ఇవ్వనంటే ఎవరు విన్నారు? కొబ్బరినూనె, సబ్బు, దారం, ఆఖరికి వరసకు బావమరుదులైన ఇద్దరు. చెయ్యి ఆయనది కానట్టే లాగారు. ఉంగరంతో పాటు కాస్త చర్మమూ వచ్చింది.

మూడుసార్లూ శ్రావణే గెలిచి, పెళ్ళికొడుకు పృథ్వీరాజ్ వేలికి తొడిగేసింది. మేష్టారు గంటసేపు ఓపికపట్టి, తన ఉంగరం ఇచ్చెయ్యమని అందరి ముందూ అడిగేశారు. బిందెలోంచి తీసి తొడిగింది ఊడదీస్తే కాపరానికి మంచిది కాదని పెళ్ళికొడుకు మేనత్త గున్నమ్మ అందుకుంది. మేష్టారికి ఒళ్ళు మండింది. ఇంత ఆచారం తెలిసినవాళ్ళకి ఉంగరం తేవాలని తెలీదా?

కుమారి ఆయన్ని పక్కకి లాక్కెళ్ళి, కొత్తది చేయిస్తానంది.

"కొత్తదేటి సేసుకుంటానే? అది మీ వొదిన తొడిగింది."

ఆ మాట శ్రావణి విన్నది. మేష్టారి పేపరు రెండుసార్లు తప్పిన పిల్ల. వచ్చి ఆయన చెయ్యి పట్టుకుంది.

"మావయ్యా, నువ్వే సెప్పినావు కదా, ఎవుల్ని ఎవులితో కలిపినా బైటికి పోకూడదని. ఈయన నీకు అల్లుడు. అత్త ఉంగరం లోపలే ఉన్నాది."

ఇరవై ఆరేళ్ళకి వలయం అర్థమైన ఒక్క విద్యార్థీ ఉంగరం పట్టుకుపోతోంది. దిద్దుదామంటే తప్పు కనబడలేదు. మరి పరీక్షలో ఇదెందుకు రాయలేదని మాత్రం కసిరారు.

రాజాం బస్సులో వెనక సీటువాడు ఫోన్లో పాటలు గట్టిగా పెట్టాడు. మేష్టారికి కోపమొచ్చింది. బొటనవేలు అలవాటుగా వెళ్ళి, వేలి చుట్టూ గుండ్రంగా ఉన్న తెల్లటి గీత మీద ఆగింది. చర్మం ఊడినచోట చురుక్కుమంది. ఆయనకి ఏడుపొచ్చేసింది.

ఏమైందండీ అని పక్కసీటాయన అడిగితే, ఆ పాటల గోల భరించలేకపోతున్నానన్నారు.