విగ్గుల పేజీకి వచ్చినవాళ్లు

హైదరాబాద్ కృష్ణానగర్‌లో విగ్గుల మంజులత అంటే తెలియని మేకప్‌మేన్ లేడు. తెనాలి నుంచి భర్తతో వచ్చి, ఆయన పోయాక కొట్టు ఒక్కతే నిలబెట్టుకుంది. సన్నటి వల మీద వెంట్రుక వెంట్రుకా ముడివేసి ఆమె చేసిన విగ్గు, కెమెరా ఎంత దగ్గరికొచ్చినా సొంత జుట్టులాగే ఉండేది.

ఫిల్మ్ నగర్ ఆఫీసుల్లో కొత్తవాళ్లు "వెబ్‌సైట్ ఉందా ఆంటీ?" అని అడగడం మొదలయ్యాక, పై వాటాలో ఉండే హిమజతో ఒకటి చేయించుకుంది. మామూలు జనంతో బేరాలు తన స్థాయికి తక్కువనిపించి, ఫోన్ నంబరు పైన పెద్ద అక్షరాలతో రాయించింది: "సినిమా వాళ్లకు మాత్రమే."

ఏడాది తిరిగేసరికి సైటు చూసేవాళ్లు వేలల్లోకి చేరారు. మేకప్‌వాళ్ల యూనియన్ వనభోజనాల్లో ఆ అంకెను ఫోన్‌లో అందరికీ చూపించింది. "ఇండస్ట్రీ అంతా మన పేజీ మీదే ఉందండీ," అంది. ఆర్డర్లు మాత్రం ఎప్పటిలా పాతవాళ్ల దగ్గర్నుంచే వస్తున్నాయి. అది ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు.

చివరికి మంజులత హిమజనే అడిగింది. "ఇంతమంది చూసి కొత్తవాళ్లు ఒక్కరూ రారేంటమ్మా?"

హిమజ లాప్‌టాప్ తెరిచింది. "ఎంతమంది వచ్చిన్రనేదే చూస్తున్నరు ఆంటీ మీరు. ఏం వెతుక్కుంట వచ్చిన్రో చూడలే. గిది చూడున్రి."

జనం గూగుల్‌లో కొట్టిన మాటలు కనిపించాయి. క్యాన్సర్ మందులకు జుట్టు రాలితే విగ్గు. చిన్నపిల్లలకు విగ్గు దొరుకుతుందా. అమ్మకు విగ్గు, హైదరాబాద్.

"వీళ్లే ఎక్కువ. ఫోన్ నంబర్ దాకా వస్తున్నరు, ఆడికెల్లి వెళ్లిపోతున్నరు."

మంజులత ముఖం వేడెక్కింది. అక్కడేం రాసి ఉందో ఆమెకు తెలుసు. సైటు పెట్టిన కొత్తలో ఒకామె మాత్రం అది చదివి కూడా ఫోన్ చేసింది. ఎర్రగడ్డ నుంచి, మల్లమ్మ. బిడ్డ గురించి చెప్పబోతుంటే, "చదవడం రాదా? సినిమా వాళ్లకే అని రాశాం కదా," అని మంజులత మధ్యలోనే పెట్టేసింది.

పాత ఫోన్ అంతా వెతికి ఆ నంబరు పట్టుకుంది. "మల్లమ్మగారా? విగ్గుల కొట్టు నుంచండి. మీ అమ్మాయికి..."

"యాది పెట్టుకున్నరా అమ్మా! మంచిగైంది బిడ్డకు. ఎంటికలు మొలుస్తున్నయ్. గప్పుడు బడిల అడిగితే గుట్టల దేవునికి ఎంటికలిచ్చి మొక్కు తీర్చినమని చెప్పమన్న. అబద్ధం చెప్పనని పిల్ల బడికే పోలే ఆ ఏడు. మీరేం ఫికర్ చెయ్యకున్రి."

ఆమె తిట్టి ఉంటే బాగుండేది. మంజులత క్షమించమని అడగకుండానే "సరేనమ్మా," అని పెట్టేసి, చాలాసేపు పని మీద చెయ్యి వెయ్యలేకపోయింది.

ఆ రోజే పేజీలోంచి "సినిమా వాళ్లకు మాత్రమే" అన్నది తీయించేసింది. ఇప్పుడు హిమజ నెలనెలా లెక్క చెప్పబోతే, "ఎంతమందన్నది వద్దు. అడిగినవాళ్లలో మనం జవాబివ్వనివాళ్లు ఎవరైనా మిగిలారా, అది చెప్పు," అంటుంది.

ఆ మాట తీశాక మొదటగా వచ్చినామె మూసాపేట టీచరు. తలకు చున్నీ చుట్టుకుని గుమ్మంలోనే నిలబడి, "బయటివాళ్లకు చేస్తారాండీ?" అని మెల్లగా అడిగింది. మంజులత రోడ్డు మీదికి కనబడకుండా షట్టరు సగం దించి, స్టూలు వేసి కూర్చోబెట్టింది. తల కొలత తీసినంతసేపూ ఆమె ముఖంలోకి చూడలేకపోయింది.