తొలి పిలుపుకి పలికిన పిల్ల

టాటానగర్ స్టేషన్ వెనక బస్తీలో దీపాలు పెట్టాక పేరు పెట్టి పిలిస్తే ఒక పట్టాన ఎవరూ పలకరు. మూడోసారి కూడా పిలిచిందంటే అది మనిషి. ఒక్కసారి పిలిచి ఊరుకుందంటే మనిషి కాదు. పిల్లలకి ఈ మాట నూరిపోసింది జోగమ్మే. ఆవిడ కొడుకు కూర్మారావుని ఒకనాడు మునిమాపువేళ బయట నుంచి ఎవరో పిలిచారు, ఒక్కసారే. "వత్తన్నా" అంటూ కంచం ముందు నుంచి లేచి వెళ్లాడు. రైలు పట్టాల పక్కన దొరికాడు. పిలిచిందెవరో ఈనాటికీ తెలియదు.

బతికుండగా అతను తెలుగు సంఘం వెనక గదిలో కుర్రాళ్లకి చదువు చెప్పేవాడు, పనులు వెతికిపెట్టేవాడు. తరవాత జోగమ్మే ఆ గది ఊడ్చి, పిల్లల కోసం తలుపు తీసి ఉంచేది. ఎనభై రెండులో సంఘం పెద్దలు దాన్ని సిమెంటు గోదాముకి అద్దెకిద్దామన్నారు. కుర్రకారు అడ్డం తిరిగి, మాకూ ఓటు కావాలన్నారు.

అధ్యక్షుడు సోమేశ్వరరావు గుంటూరు వైపు మనిషి, బస్తీకి కొత్త. "ఆదివారం సాయంత్రం పేర్లు పిలుస్తాను. పలికినవాళ్లకి ఓటు. పలకనివాళ్లు రానట్టే" అన్నాడు.

మీటింగు మొదలయ్యేసరికి చీకటి పడింది. కరెంటు లేదు. లాంతరు వెలుగు గుమ్మం దాటడం లేదు.

"ముసలయ్య." జవాబు లేదు. "నూకరాజు." ఆ కుర్రాడు ఎదురుగానే ఉన్నాడు, పెదాలు బిగబట్టి రెండో పిలుపు కోసం చూస్తున్నాడు. సోమేశ్వరరావు ఆ పేరు కొట్టేశాడు.

"మూడేసి మార్లు పిలవండి బాబూ" అంది జోగమ్మ. "పొద్దోయాక మా పిల్లగుంటలు ఒక్క పిలుపుకి పలకరు."

"ఇది సంఘమా, భూతవైద్యమా అమ్మా? ఓటడిగే వయసొచ్చింది, పేరుకి పలికే ధైర్యం రాలేదా? ఒక్కళ్లు పలకండి చాలు, మొదటినుంచీ మళ్లీ పిలుస్తాను."

పెద్దలు నవ్వారు. బయట కంకర మీద అడుగు పడింది. నవ్వు ఆగిపోయింది.

"తవిటమ్మ" అన్నాడాయన.

ఆ పిల్ల జోగమ్మ పక్కనే కూర్చుంది. పలకకపోతే గది పోతుంది. పలికితే ఏం పోతుందో జోగమ్మకి తెలుసు. పిల్ల మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"పలుకే. నిన్నెవలు తీసికెల్తారో నాను సూత్తాను."

"హమ్ హై" అంది తవిటమ్మ.

"తెలుగు సంఘంలో హిందీయా?"

"ఉన్నాను. గది ఇయ్యం."

అడుగులు గుమ్మం దాకా వచ్చి ఆగాయి. లాంతరు మంట అటు వాలింది. సోమేశ్వరరావు లాంతరు దగ్గరికి జరిగి, అన్న ప్రకారం మొదటినుంచీ పిలిచాడు. నూకరాజు గుమ్మం మీంచి చూపు తిప్పకుండానే "ఉన్నా" అన్నాడు. ఒకరి తరవాత ఒకరు పలికారు. ప్రతి పేరుకీ బయట కంకర కదిలింది. అయినా పలకడం ఎవరూ ఆపలేదు. ఓట్లు వేశాక గది పిల్లలకే మిగిలింది.

బయటికొచ్చేసరికి ఎవరూ లేరు. జోగమ్మ మాత్రం ఆ చెయ్యి వదల్లేదు.

"ఛోడో నా, వదులు పెద్దమ్మా, నొప్పెడతంది."

"పెట్టనీ" అంది జోగమ్మ. వాళ్లమ్మ ఎదురొచ్చి పిల్ల రెండో చెయ్యి అందుకునేదాకా అలాగే నడిపించింది.